కౌమారంలో స్వీయహాని, మానసిక ఆరోగ్యం (ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం)

తట్టుకోలేని బాధ, కోపం, ఒంటరితనం నుంచి ఉపశమనం కోసం తన శరీరాన్ని తానే గాయపరచుకోవడం స్వీయహాని. చాలాసార్లు దీని వెనుక చనిపోవాలనే ఉద్దేశం ఉండదు. అయినా తర్వాతి కాలంలో ఆత్మహత్య ముప్పును పెంచుతుంది కనుక తేలిగ్గా తీసుకోరాదు. సాధారణంగా 12-14 ఏళ్ల మధ్య మొదలవుతుంది.

పత్తి మార్కెట్‌కు పేరుపడ్డ ఆదోని, చేనేతకు పేరుపడ్డ ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెలు వానమీద ఆధారపడ్డవి. పనుల్లేని నెలల్లో పెద్దలు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి (వలస కూలికి) పోతారు. పిల్లలు వెంట వెళ్తే బడి పోతుంది. అవ్వాతాతల దగ్గరో సీజనల్ హాస్టల్‌లోనో ఉండిపోతే మనసు విప్పి చెప్పుకోగల మనిషి దూరమవుతారు. చదువు మానిన ఆడపిల్లకు పెళ్లి ఒత్తిడి అదనం. వీటిలో ఏ ఒక్కటీ స్వీయహానికి నేరుగా కారణమని చెప్పలేం. భారం మాత్రం పెరుగుతుంది.

ఏప్రిల్ ఎండల్లోనూ నిండు చేతుల చొక్కా విడవకపోవడం, స్నేహితులకు దూరం జరగడం గమనించదగ్గ గుర్తులు. గాయం కనిపిస్తే తిట్టడం, ఒట్టు వేయించుకోవడం పనికిరావు, దాచడం ఎక్కువవుతుంది. నెమ్మదిగా అడగాలి. స్వీయహాని గురించి అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహే.

10-19 ఏళ్లవారి కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమంలో మానసిక ఆరోగ్యమూ ఒక అంశం. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో ప్రారంభమైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ (14416)కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆపదలోని పిల్లలకు సహాయవాణి 1098.