తాత

ప్రభుత్వ కార్యాలయముల నుండి వెలువడు సర్క్యులరులు పెక్కింటికి దస్త్రములలో నిద్రించుటయే గతి. 1860వ సంవత్సరము జనవరిలో అమెరికా ప్రభుత్వమువారు విదేశములందలి తమ ప్రతినిధులకు పంపిన ఒక సర్క్యులరు మాత్రము అట్టిది కాదు. అందు పన్నుల ప్రసక్తి లేదు. సైన్యముల ప్రసక్తి లేదు. ఆయా ప్రాంతముల ప్రజలు తాతను, మేనమామను, మనుమని ఏమని పిలుతురో విచారించి వ్రాయవలసినదని కోరుచు, 200కు పైబడిన ప్రశ్నల పట్టికను దానికి జతపరచిరి.

ఈ ప్రయత్నమునకు మూలపురుషుడు న్యూయార్కు రాష్ట్రమున రోచెస్టరు పట్టణపు న్యాయవాది లూయీ హెన్రీ మోర్గన్ (1818-1881). ఆయన అంతకుముందే సెనెకా అను అమెరికా ఆదివాసుల వరుసలను పరిశీలించియుండెను. వారిలో తండ్రి సోదరుడు తండ్రియే. తాత సోదరుడు తాతయే. దక్షిణ భారతమున పనిచేసిన క్రైస్తవ మిషనరీల వలన తమిళ, తెలుగు వరుసలు తెలిసినప్పుడు ఆయన ఎంతయో ఆశ్చర్యపడెను. ఇచటను పెదనాన్న, చిన్నాన్నలు నాన్నలే. పెదతాత, చినతాతలు తాతలే! 1871లో స్మిత్‌సోనియన్ సంస్థ ప్రకటించిన ఆయన బృహద్గ్రంథమున తెలుగు వరుసలకును చోటు లభించినది. ఈ పోలికను బట్టి అమెరికా ఆదివాసులు ఆసియా నుండి వచ్చినవారని మోర్గన్ వాదించెను. ఆ రాక నేడు ఇతరాధారముల వలన నిశ్చితమైనదే గాని, వరుసల పోలిక మాత్రమే అందులకు సాక్ష్యము కాజాలదని తరువాతి పండితులు తేల్చిరి.

తెలుగు వాడుకలో ఒక విశేషము కలదు. తల్లి తల్లి అమ్మమ్మ. తండ్రి తల్లి నాయనమ్మ. స్త్రీల యెడ ఇంత భేదము పాటించిన భాష తాతలిద్దరిని ఒక్క మాటతోనే పిలిచినది. మేనరికపు ఇండ్లలో ఆ యిద్దరును వియ్యంకులగుటకు ముందే బావమరదులు. హిందీలో భేదము తప్పదు: తండ్రి తండ్రి దాదా, తల్లి తండ్రి నానా. ఆ దాదాయే వంగదేశమున అన్నగారు. సంస్కృతమున తాత యనగా తండ్రి; చిన్నవారిని ప్రేమతో పిలుచుటకును అదే మాట. కనుకనే భగవద్గీత ఆరవ అధ్యాయమున శ్రీకృష్ణుడు అర్జునుని 'తాత' యని సంబోధించెను. టర్కీ భాషలో తాతను 'దెదె' యందురు. పసినోటికి సులభములైన త, ద, న వర్ణములతో ఇంటి పెద్దల పిలుపులు పుట్టుటచే, ఒకే ధ్వని ఒక్కొక్క భాషలో ఒక్కొక్క తరమును పట్టుకొన్నది.

లాటిను భాషలో తాత 'అవుస్'. తల్లి సోదరుడు 'అవుంకులుస్', అనగా చిట్టితాత. ఆ మాటయే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషున చేరి 'అంకుల్' ఐనది. తెలుగు పిల్లలు పొరుగువారినెల్ల పిలుచు ఆ పిలుపులో రోమను తాత యొకడు దాగియున్నాడు. జర్మనులు మనుమని 'ఎంకెల్' అందురు. దాని ప్రాచీనరూపమునకును చిట్టితాత యనియే అర్థము.

తాత మనుమనిలో మరల వచ్చుననెడి ఈ భావము దక్షిణాదికి క్రొత్త కాదు. తమిళమున మనుమడు 'పేరన్', తాత పేరు మోయువాడు. కాకతీయుల తొలి వంశావళియందు బేతరాజు కుమారుడు ప్రోలరాజు, అతని కుమారుడు రెండవ బేతరాజు, అతని కుమారుడు రెండవ ప్రోలరాజు. నేటికిని ఎన్నో తెలుగు ఇండ్లలో పెద్దమనుమనికి తాత పేరే.

ఉద్యోగరీత్యా ఇతర రాష్ట్రములందు కాపురముండు కుటుంబములలో పిల్లలకు తాత పేరు దక్కుచున్నది గాని తాత దక్కుట అరుదు. సెలవులలో ఊరికి పోయినప్పుడు అరుగుపై కూర్చున్న చినతాతను ఏమని పిలువవలెనో తెలియక వారు తల్లి కొంగు చాటున నిలుతురు. కొందరు అంకుల్ అందురు. 1871లోనే మోర్గన్ గ్రంథమునకెక్కిన తెలుగు వరుసలు, పిల్లల నోట పలికినగాని ఇంట నిలువవు. రైలు ఎక్కుటకు ముందే, ఊరిలో ఎవరెవరు ఏ వరుసయో పిల్లలకు చెప్పి పలికించుట తల్లిదండ్రులకు కష్టమైన పని కాదు. 'తాతా' యను పిలుపు కొఱకు అరుగుపై ఒక వృద్ధుడు ఏడాదియంతయు ఎదురుచూచుచుండును.