తగవుతో మొదలైన ప్రేమకథ

1940లో కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారు 2018 మే నెలలో కాలిఫోర్నియాలోని కుపర్టినోలో కన్నుమూశారు. ఆమె కథానాయికలు అంతకు ఎంతో ముందే మన ఆడపడుచుల పెట్టెల్లో, చీరల మడతల మధ్య ఈ దేశం చేరుకున్నారు. కనుక ఆ నవలలను గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం మనకు విధాయకం.

1960లలో 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వెలువడిన 'సెక్రటరీ'తో ఆమె పేరు ఇంటింటా మారుమోగింది. అందులో జయంతి బామ్మ చాటున పెరిగిన పేదింటి పిల్ల. శ్రీమంతుడైన రాజశేఖరం దగ్గర ఉద్యోగంలో చేరుతుంది. అతని నడవడిని శంకిస్తుంది, అతనికి తలవంచదు. అపోహలు తొలగిన తరువాతనే ప్రేమ. జేన్ ఆస్టిన్ 1813లో 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్'లో నడిపిన దారి కూడా ఇదే. అయితే మన నేలమీద ఆ తగవుకు మరొక ప్రయోజనం ఏర్పడింది.

ఆనాటి మన చిన్న పట్టణాలలో పెళ్ళికాని పిల్ల పరాయి మగవాడితో నవ్వుతూ మాట్లాడితే నలుగురూ నాలుగు రకాలుగా అనేవారు. అదే పిల్ల అతన్ని ఎదిరించి మాట్లాడితే, అభిమానం గల పిల్ల అని మెచ్చుకునేవారు. అంటే మగవాడితో సరిసమానంగా మాట్లాడేందుకు కథానాయికకు దొరికిన మర్యాదైన మార్గం తగవే! అద్దె పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకున్న నవలలో పాఠకురాలు ముందుగా చూసుకున్నది ఆ ధైర్యాన్నే.

'మీనా'లో తగవు రెండిళ్ళ మధ్యది. తల్లికి గిట్టని మేనమామ పల్లెకు వెళ్ళిన పట్నం పిల్ల మనసు అక్కడే నిలిచిపోతుంది. ఈ నవలను విజయనిర్మల 1973లో చిత్రంగా తీశారు. 'సెక్రటరీ' 1976లో అక్కినేని, వాణిశ్రీలతో తెరకెక్కింది.

ఇవి కారున్న రాకుమారుల కలలని విమర్శకులు ఆక్షేపించారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పేదపిల్ల కష్టానికి సంపన్నుడితో పెళ్ళే పరిష్కారం కావడం లోపమే. కాని ఆమె ఆత్మగౌరవం విడిచి ఆ పెళ్ళికి ఒప్పుకోలేదన్నది మరువరాదు.

1965 వలస చట్టం తరువాత మనలో ఎందరో స్త్రీలు కొద్దిపాటి పరిచయంతోనే భర్త వెంట ఇక్కడికి వచ్చారు. నవలలో పెళ్ళికి ముందు జరిగిన తగవులు, రాజీలు మన ఇళ్ళలో పెళ్ళి తరువాత జరిగాయి. ఈ నవలలను కాలక్షేపం కింద కొట్టివేయక, మన పిల్లలకు చదివి వినిపిద్దాం. తమ అమ్మమ్మలు ఏమి కోరుకున్నారో వారికి తెలుస్తుంది.