హోసూరు – కృష్ణగిరి సీమలో పాలీహౌస్ పూలసేద్యము: చరిత్ర

పాలీహౌస్ సేద్యమనగా ఇనుప గొట్టముల చట్రముపై పారదర్శకమైన పాలిథీన్ పొరను బిగించి, ఆ డేరా లోపలి గాలిని, తేమను, వెలుతురును, నీటిని సాగుదారు తన అదుపులో నుంచుకొని మొక్కలను పెంచు పద్ధతి. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాయందు, విశేషించి హోసూరు, బాగలూరు, తళి, దేన్కనికోట, కెలమంగలము, బేరికె పరిసరములలో ఈ పద్ధతి 1990 తరువాత వేళ్లూని, గులాబికి, జెర్బెరాకు, కార్నేషన్‌కు దేశమున పేరొందిన తావులలో ఒకటిగా ఈ సీమను నిలిపినది. తెలుగు, కన్నడము, తమిళము మూడును ఇంటి భాషలుగా గల నేల యిది. కనుకనే ఒకే డేరాలో మడులకు నీరు పట్టువారి మాట ఒకటి, పూలు కోయువారి మాట మరియొకటి, లెక్క వ్రాయువారి మాట వేరొకటి యగుటలో వింత లేదు.

భూస్వరూపము తెలియనిదే ఈ చరిత్ర బోధపడదు. పూర్వపు సేలము జిల్లాను ఈస్టిండియా కంపెనీవారు మూడు భాగములుగా ఎంచెడివారు: మైసూరు పీఠభూమిలో చేరిన ఎత్తైన బాలాఘాటు, కొండల నడుమనున్న బారామహలు, దిగువ మైదానమైన తలాఘాటు. హోసూరు బాలాఘాటులోనిది, కృష్ణగిరి బారామహలులోనిది. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో బారామహలు కంపెనీ వశమై, అలెగ్జాండర్ రీడ్ కలెక్టరుగాను, తామస్ మన్రో ఆయనకు సహాయకుడుగాను పనిచేసిరి; 1799లో టిప్పు పతనానంతరము హోసూరు వైపు పల్లెలును అందులో కలిసినవి. నేడు ఈ రెండును 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుండి విడివడిన కృష్ణగిరి జిల్లాలోనివే యైనను, పంటల విషయమున పాత విభజనయే నిలిచియున్నది. సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున హోసూరు ఉండగా, కృష్ణగిరి అంతకంటె మిక్కిలి దిగువన, ఎండ కాయు నేలలో నున్నది. అందుచేత కృష్ణగిరి చుట్టును మామిడితోపులు, తోతాపురి కాయను గుజ్జుగా మార్చు కర్మాగారములు పెరుగగా, గులాబి మాత్రము కనుమ లెక్కి హోసూరు చేరినది.

హోసూరు శీతోష్ణములు మొక్కలకు అనుకూలమని తెల్లదొరలు ముందే గుర్తించిరి. తళి ప్రాంతమునకు వారు ‘చిన్న ఇంగ్లండు’ అని ముద్దుపేరు పెట్టుకొనిరి. మత్తిగిరిలో 1824లో పశుక్షేత్రమును నెలకొల్పిరి. ఇక్కడికి 40 కిలోమీటర్ల దూరమున బెంగుళూరు లాల్‌బాగులో గాజు మందిరమునకు 1889 నవంబరులో పునాదిరాయి పడినది. ఆ మందిరము ఇనుము, గాజు కలిపి కట్టిన సొగసైన కట్టడమే గాని సాగునకు పనికివచ్చునది కాదు, పూల ప్రదర్శనలకు ఉద్దేశించినది. దానిని చూచి హోసూరు రైతెవ్వడును తన పొలములో గాజు కప్పు వేయలేదు. వేయనవసరము లేకపోయెను కూడ, ఏలయన గాజు గృహము పుట్టినది చలిదేశముల అవసరము నుండి.

ఈ భేదమును కొంత విప్పిచెప్పవలసియున్నది. రోము చక్రవర్తి టైబీరియసునకు ఏడాది పొడవునా దోసజాతి కాయలు కావలసివచ్చి, తోటమాలులు చక్రముల బండ్లపై మొక్కలను పెంచి, పగలు ఎండకు లాగి, చలివేళ పారదర్శకమైన రాతిపలకల మాటున దాచిరని రోము రచయిత ప్లినీ వ్రాసెను. ఆ నాటినుండి ఐరోపావారి తాపత్రయ మంతయు వేడిని లోపల బంధించుటకే. హోసూరులో సమస్య తలక్రిందులు. ఇచ్చట చలి మొక్కను చంపదు; వాన చంపును. ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వర్షము రెండు ఋతుపవనములనుండి పడి, సెప్టెంబరు, అక్టోబరు మాసములలో దట్టమై, విచ్చబోవు మొగ్గ రేకుల నడుమ నీరు నిలిచి బూజు పట్టి, మరునాటికి గోధుమరంగు మచ్చతో పువ్వు పనికిరాకుండ పోవును. కావున హోసూరులో నిలిచిన డేరా వేడిని పట్టి ఉంచుట కొరకు గాక, వానను ఆపి వేడిని పైకి వదలుట కొరకు కట్టబడినది. దాని కప్పున గాలిపోవు సందు ఎప్పుడును తెరచియుండును; పక్కల తెరలను చక్రము త్రిప్పి చుట్టి పైకెత్తుదురు. రూపమొకటే, ప్రయోజనము వేరు.

అట్టి డేరాకు మూలద్రవ్యమైన పాలిథీన్ 1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. అను రసాయన సంస్థ ప్రయోగశాలలో అనుకోకుండ పుట్టినది. గాజునకు బదులు ప్లాస్టిక్ పొరతో హరితగృహమును కట్టవచ్చునని అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయమున ఎమ్మర్ట్ అను ఉద్యానశాస్త్రజ్ఞుడు 1948లో చేసి చూపెను. గాజు కొనలేక చేసిన ప్రయత్నమది. 1965లో ఇజ్రాయేలులో స్థాపితమైన నెటాఫిమ్ సంస్థ బొట్టు బొట్టుగా నీరిచ్చు గొట్టములను వ్యాపారమునకు తెచ్చెను. ఈ రెండు చౌక వస్తువులు, పొరయు గొట్టమును, కలిసినప్పుడే ఉష్ణదేశములలో డేరా సాగు సాధ్యమైనది.

మన దేశమున దానికి ద్వారము తెరచినది ప్రభుత్వ విధానము. 1988లో వచ్చిన నూతన విత్తన విధానము విదేశీ విత్తనములను, నాటు మొక్కలను దిగుమతి చేసికొనుటను సులభము చేసినది. 1991 ఆర్థిక సంస్కరణల పిమ్మట హాలండు, ఇజ్రాయేలు నిపుణుల సహాయముతో బెంగుళూరు, హోసూరు, పుణె, హైదరాబాదుల చుట్టును ఎగుమతి గులాబి క్షేత్రములు వరుసగా లేచినవి. తేయాకు, సిమెంటు, నూలు వ్యాపారములు చేయువారు సైతము షేర్లు అమ్మి గులాబి తోటలు పెట్టిన కాలమది. పదేండ్లు తిరుగకముందే వానిలో అనేకములు మూతపడినవి. అప్పుల వడ్డీ, విమానపు కిరాయి, చల్లని గిడ్డంగుల లేమి, ఐరోపా విపణిలో కెన్యా పూల పోటీ, ఇవి పుస్తకములలో కనబడు కారణములు. నా దృష్టిలో ముఖ్యమైనది వేరొకటి: చలిదేశపు నమూనాను యథాతథముగా తెచ్చి, వేడిని పట్టియుంచు డేరాలను వేడిగల నేలపై కట్టుట. ఈ తరములోనే బెంగుళూరున 1994లో మొదలైన కరుటూరి సంస్థ 2007లో కెన్యాలోని నైవాషా సరస్తీరపు షేర్ అను సంస్థ తోటలను కొని, ప్రపంచమున మిక్కిలి పెద్ద గులాబి ఉత్పత్తిదారుగా పేరు పొంది, 2014లో ఆ తోటలు రిసీవరుల చేతికి పోవుటతో క్షీణించెను.

హోసూరులో నిలిచినది రెండవ తరము. తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థయైన టిడ్కో భాగస్వామిగా అముదగొండపల్లిలో టాన్‌ఫ్లోరా పేర 50 హెక్టార్ల గులాబి ఉద్యానము వెలసినది. 2005–06లో ఆరంభమైన జాతీయ ఉద్యాన మిషను పాలీహౌస్ వ్యయములో సగము రాయితీగా ఇచ్చుటతో, అంతవరకు క్యాబేజీ, బంగాళదుంప, టొమాటో పండించుచుండిన సన్నకారు రైతులును అరయెకరము, ఎకరము కప్పు వేసిరి. తళిలో భారత–ఇజ్రాయేలు సహకారముతో కోత పూలకు విశిష్ట కేంద్రము ఏర్పడి వారికి శిక్షణనిచ్చెను. బెంగుళూరులోని పూల వేలము కేంద్రము వారికి దగ్గరి విపణి. మన ఊళ్ల వేలములో పాట ఎక్కుచు పోవును. అక్కడ హాలండు పద్ధతిలో ధర గడియారముపై పైనుండి దిగుచు వచ్చును, ముందుగా మీట నొక్కినవానిది సరుకు. తొందరపడినవాడు ఎక్కువ చెల్లించును, ఓపిక పట్టినవాడు పువ్వే పోగొట్టుకొనును.

డేరా లోపలికి అడుగుపెట్టినచో మొదట కనబడునవి పువ్వులు గావు, ఆకులు. ఎఱ్ఱమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి జానెడున్నర ఎత్తు లేపిన మడులపై రెండు వరుసల అంట్లుండును. గులాబిని విత్తనముతో పెంచరు. విత్తనపు మొక్క తల్లిని పోలదు. నాటల్ బ్రయర్ వంటి మొండి వేరుమొక్కకు మేలిరకపు కన్ను కట్టిన అంటును నాటుదురు. తొలిదశలో ఫస్ట్ రెడ్, గ్రాండ్ గాలా రకములు ఏలినవి. తరువాత తాజ్‌మహల్ అను ఎఱుపు రకము ఇంటింటి పేరైనది. నాటిన మొదటి నెలలలో వచ్చిన కొమ్మలను కోయక, నడవవైపు వంచి పడుకోబెట్టుదురు. ఆ వంగిన కొమ్మను పూయనీయరు; అది ఆకులతో ఎండను త్రాగి మొక్కకు అన్నము వండి పెట్టు వంటయిల్లు. దాని మొదటినుండి నిట్టనిలువుగా లేచు లావుపాటి చిగురే బజారుకు పోవు కాడ. మొగ్గ బఠాణి గింజంత కాగానే ఆడకూలీలు దానికి తెల్లని సాగుడు వల తొడుగుదురు. వల బిగువున రేకులు విచ్చక, తల పెద్దదగును. కోయునప్పుడు ఐదు రెక్కల ఆకులు రెండింటిని మొక్కకు వదలి ఆపైన కత్తెర వేయుదురు. కోసిన కాడలు బకెట్టు నీటిలో నిలబడి కోల్డ్ రూమునకు పోయి, పొడవును బట్టి వేరై, 20 కాడలకొక బంచిగా ముడుతల అట్టలో చుట్టబడును.

గులాబికి పగటి పొడవుతో పట్టింపు లేదు. కత్తెర పడిన నలువదియైదు రోజులు మొదలు రెండు నెలల లోపల మరల పూయును. కాబట్టి ఫిబ్రవరి 14 నాటి ప్రేమికుల దినమునకు కావలసిన పువ్వును హోసూరు రైతు నవంబరు చివరనో, డిసెంబరు నెలలోనో కత్తెరతో వ్రాసిపెట్టును. ఆ నడిమి కాలమున మబ్బు పట్టినచో కాడ ఆలస్యమగును. ఎండ మిక్కుటమైనచో ముందే విచ్చును. జనవరి నెలాఖరునుండి సింగపూరు, మలేషియా, ఆస్ట్రేలియా, గల్ఫు దేశములకు పెట్టెలు బయలుదేరును. 2008 మే నెలలో బెంగుళూరు విమానాశ్రయము దేవనహళ్లికి మారిన పిమ్మట ఆ పెట్టెలు నగరము నంతయు దాటి ఆవలికొనకు పోవలసివచ్చినది.

చామంతి కథ ఇందుకు భిన్నము, మిక్కిలి మనోహరము. అది హ్రస్వదిన పుష్పము. రాత్రి దీర్ఘమైనగాని మొగ్గ తొడగదు. ఈ రహస్యమును అమెరికాలో గార్నర్, అలార్డ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు పొగాకుపై పరిశోధించి 1920లో ప్రకటించిరి. వారు కుండీలను సాయంకాలము చీకటి కొట్టమున పెట్టి, మరునాడు వెలుపలికి తీసి, పగటిని చేతితో పొట్టిచేసి చూచిరి. పగటిని కుదించుటకు వేయు వెలుతురు చొరని డేరాకు నిజమైన పూర్వరూపము ఆ కొట్టమేయని నా అభిప్రాయము. ఈ సీమలోని రైతులు అదే సూత్రమును తిరుగవేసి, చామంతి మొక్క తగినంత ఎదుగువరకు పూయకుండ ఆపుటకై, రాత్రివేళ పొలమంతట బల్బులు వ్రేలాడదీసి వెలిగింతురు. రాయకోట త్రోవన చీకటిలో పోవువారికి దూరమున తిరునాళ్ల పందిరివలె వెలుగు కనబడి, దగ్గరకు పోగా మనిషి జాడ లేని పూలమడి యగుట కద్దు.

చామంతివలెనే పొడవైన రాత్రికి పూయు మరియొక మొక్క గంజాయి. దానిని అనుమతించిన పాశ్చాత్యదేశములలో ఇంటిగదిలో గుడ్డ డేరా వేసి, దీపములతో పగటిని పన్నెండు గంటలకు కుదించి పెంచు అలవాటు వ్యాపించియున్నది. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము, ప్రభుత్వానుమతి లేనిదే ఆ మొక్కను పెంచుటను డేరాలోనైనను, బయటనైనను నేరముగ నెంచును. ఏది యెట్లున్నను, దీపపు సూత్రము రెంటికిని ఒకటియే.

2020 మార్చి 24 రాత్రి దేశమున లాక్‌డౌను ప్రకటింపబడినప్పుడు హోసూరు డేరాలలో పూలు కోతకు సిద్ధముగ నుండెను. పెండ్లిండ్లు ఆగినవి, గుడులు మూతపడినవి, విమానములు నిలిచినవి. మొక్క మాత్రము ఆగలేదు. కోయకున్నచో చెట్టు చెడునని కూలి యిచ్చి కోయించి, కోసిన బంచీలను గోతులలో పారబోసిరి. ఆ నష్టముతో కొందరు గులాబిని పీకి రంగు క్యాప్సికం, కీరదోస నాటిరి. నిలిచినవారికి నేటి ఆధారము ఫిబ్రవరి ఎగుమతి కన్న స్వదేశపు ముహూర్తములే. శ్రావణ, మాఘ మాసముల లగ్నపత్రికలను చూచి ధర ఊహించువారు పెక్కురు. వారికి నడుమ పుట్టిన శత్రువు ప్లాస్టిక్ పువ్వు: కల్యాణమండపములలో ఒకసారి కొని పదిసార్లు కట్టు ఆ పువ్వు గిరాకీని కొల్లగొట్టుచున్నది.

డేరా పొర 200 మైక్రానుల మందము కలది. ఎండకు మూడు నాలుగేండ్లలో మసకబారి, పెళుసై, వెలుతురును సరిగా చొరనీయదు. అప్పుడు కప్పు విప్పి కొత్త పొర బిగింతురు. ఒక్క హెక్టారు కప్పుపై ఏడాదిలో పడు వాన 80 లక్షల లీటర్ల వరకు ఉండును. ఉప్పు తక్కువగుటచే గులాబికి బోరునీటి కన్న మేలైన ఆ నీటిని గట్టర్ల ద్వారా చెరువునకు మళ్లించు రైతులు కలరు. విప్పిన పాత పొర ఊరు విడిచి పోదు. ముక్కలుగా కోసి గడ్డివాములపైన, పశువుల కొట్టములపైన, రాగికుప్పలపైన కప్పి, గాలికి లేవకుండ అంచులను రాళ్లతో అదుముదురు.