ఎవలు చెప్పిన్రు?
వింత ముచ్చట పుట్టుపూర్వోత్తరాలు

ఉట్నూర్‌లో ఏ చాయ్ హోటల్ బల్ల దగ్గరైనా కూర్చుని, "మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే డైనోసార్ దొరికింది, తెల్సా?" అని అడగండి. దోస్తులు నవ్వి కొట్టిపారేస్తారు. వెంటనే, "జనగణమనే ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయగీతమని యునెస్కో చెప్పింది" అనండి. ఎవరూ కాదనరు.

మొదటి ముచ్చట నిజం. వేమనపల్లి దగ్గరి యామన్‌పల్లిలో తవ్వి తీసిన ఎముకలకు 1988లో పి. యాదగిరి అనే శాస్త్రవేత్త 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. అలా ఆ ఊరి పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలకెక్కింది. ఆ ఎముకలతో కూర్చిన అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు పోయి ఎవరైనా చూడొచ్చు. రెండో ముచ్చట మాత్రం ఉత్తదే. యునెస్కో ఏ దేశపు గీతానికీ అలాంటి కిరీటం పెట్టలేదు.

ఇంటి పక్కనున్న నిజాన్ని నమ్మలేకపోవడం, ఎక్కడి నుంచో వచ్చిన అబద్ధాన్ని ఇట్టే నమ్మేయడం ఎందుకు జరుగుతోంది? దోస్తుల మధ్య వింత ముచ్చట పుట్టి, పెరిగి, మన ఫోన్ల దాకా వచ్చిన దారి చూస్తే జవాబు దొరుకుతుంది. ఒకప్పుడు ముచ్చట చెప్పినవాడు దానికి పూచీ పడేవాడు. దారిలో ఎక్కడో ఆ పూచీ జారిపోయింది.

ప్రశ్నతో మొదలు

మన దగ్గర వింత ముచ్చట చెప్పుకునే ఈ సరదా ప్రశ్నగానే పుట్టింది. పొలం గట్టు మీద, పెండ్లి పందిట్లో, రాత్రి వాకిట్లో పొడుపుకథ వేసేవాళ్లు. వేసినవాడికి విప్పడం కూడా తెలిసి ఉండాలి. అడిగి, జవాబు చెప్పలేక నీళ్లు నమిలితే నలుగురిలో పరువు పోయేది.

పెద్ద కథల్లో ఈ పూచీ ఇంకా బరువైనది. అరణ్యపర్వంలో యక్షుడు అడిగిన ప్రశ్నలకు ధర్మరాజు చెప్పే జవాబుల మీద నలుగురు తమ్ముళ్ల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. తెలుగులో ఆ ఘట్టం అరణ్యపర్వ శేషం పూర్తిచేసిన ఎర్రన చేతి మీదుగా వచ్చింది. బేతాళ కథల్లో తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. తప్పు చెప్పినా, తెలిసి దాచినా మూల్యం చెల్లించక తప్పదని ఈ కథలు పిల్లలకు పాఠంలా కాకుండా ఉత్కంఠతో నేర్పాయి. 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలైన 'చందమామ' ఆ బేతాళుణ్ణి నెలనెలా తెలుగు ఇళ్లకు పంపింది.

కిక్రి పక్కన కూర్చున్న సాక్షులు

ఉట్నూర్ చుట్టుపక్కల ఈ పూచీకి అంతకన్నా గట్టి ఏర్పాటు ఉంది. రాజ్‌గోండుల వంశగాథలు చెప్పేది ప్రధాన్లు. కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ, ఏ వంశం ఎక్కడ పుట్టింది, వంశదేవుడైన పెర్సపేన్ ఏ దారిన వచ్చాడు, ఎవరు ఎవరికి సోదరులు, ఎవరితో వియ్యమందకూడదు అన్నవన్నీ గానం చేస్తారు. తెలియనివాళ్లు విని ఆశ్చర్యపోయే విషయం ఒకటుంది. ఆ ప్రధాన్ల ఇంటి భాష మరాఠీ. గోండుల చరిత్రను గోండీలో కాపాడినవాళ్లు ఇంట్లో మరో భాష మాట్లాడేవాళ్లు.

ఆ గాథల్లో వింతలకు కొదవ లేదు. కానీ ప్రధాన్ పాడేది ఆ వంశం వాళ్ల ముందే. వాళ్ల తాతలు విన్నారు, తండ్రులు విన్నారు, ఈ ఏడూ వాళ్లే కూర్చుని వింటారు. పేరు తప్పినా, వరుస తప్పినా పట్టుకునే చెవులు ఎదురుగానే ఉంటాయి. తరతరాలుగా తనను పోషించే కుటుంబాల ముందు నోటికొచ్చింది చెప్పడానికి కుదరదు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు నాగోబాకు చేసే పూజ కూడా ఇలా సాక్షుల మధ్యే నడుస్తుంది. గోదావరి జలాన్ని కాలినడకన తెస్తారు. ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి, ఏ పని ఎవరు చేయాలి అన్నది వంశమంతటికీ తెలుసు.

ఈ గాథలను కాగితం మీదికి ఎక్కించింది వియన్నాలో 1909లో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి ఆయన దగ్గర జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను నైజాం రాజ్యం దాటకుండా కట్టడి చేసింది. ఆ కట్టడే ఆయన్ను చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, చివరికి గోండుల దగ్గరికి తెచ్చింది. జైనూర్ దగ్గరి మార్లవాయిలో భార్య బెట్టీతో కలిసి ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. బెట్టీ 1987లో కన్నుమూస్తే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు. గోండు వీరుడు కుమ్రం భీం పోరాటంతో ఉలిక్కిపడిన నిజాం సర్కారు గోండుల బాధలు తెలుసుకోవడానికి ఈ ఆస్ట్రియా పండితుణ్ణి ఆశ్రయించింది. ఏ వాట్సాప్ ఫార్వర్డూ కల్పించలేని ముచ్చట ఇది. దీనికి పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, పుస్తకాలున్నాయి.

అచ్చులో సంతకం

తెలుగులో లోకజ్ఞానాన్ని అచ్చులో పంచిపెట్టే పని 1906లో హైదరాబాద్‌లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి భుజాన వేసుకుంది. ఆ మండలికి ప్రాణంగా నిలిచిన కొమర్రాజు లక్ష్మణరావు తరువాత తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. 1952 నుంచి దశాబ్దాల పాటు 'ఆంధ్రప్రభ' వారపత్రికలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' నడిపారు. వంట మొదలు ప్రపంచ సాహిత్యం దాకా పాఠకులు అడిగినవాటికి తన పేరుతో జవాబిచ్చారు. జవాబు కింద పేరు ఉన్నది కాబట్టి పాఠకులు తిరిగి అడగగలిగారు, ఆమె జవాబు చెప్పగలిగారు.

అదే కాలంలో పడమటి దేశాల్లో వింత సమాచారం ఒక వ్యాపారమైంది. 1918 డిసెంబరులో న్యూయార్క్ పత్రికలో రాబర్ట్ రిప్లీ గీసిన వింతల బొమ్మలు తరువాత 'బిలీవ్ ఇట్ ఆర్ నాట్' పేరుతో ప్రపంచం చుట్టాయి. 1951 నవంబరులో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ దగ్గర వేటకు పోయిన హ్యూ బీవర్‌కు, ఆయన మిత్రులకు వేటపక్షుల్లో ఏది వేగంగా ఎగురుతుందన్న దాని మీద వాదం వచ్చింది. ఎంత వెతికినా తేల్చే పుస్తకం లేదు. బీవర్ గిన్నెస్ బీరు కంపెనీ పెద్ద. మద్యశాలల్లో దోస్తుల మధ్య రోజూ ఇలాంటి వాదాలే నడుస్తాయి కదా అనుకున్నాడు. 1955లో వచ్చిన గిన్నెస్ రికార్డుల పుస్తకం అలా పుట్టింది. ఒక దోస్తానా పంచాయితీ తీర్చడానికి పుట్టిన పుస్తకం అది!

తప్పు ఎలా పాకుతుందో తేటగా చూపించింది అమెరికా రచయిత ఫ్రెడ్ వర్త్. తన చిల్లర విశేషాల సర్వస్వాన్ని ఎవరన్నా కాపీ కొడితే పట్టుకోవాలని 1974లో అందులో ఒక అబద్ధం నాటాడు. కొలంబో అనే టీవీ డిటెక్టివ్ అసలు పేరు 'ఫిలిప్' అని రాశాడు. ఆ ధారావాహికలో ఎక్కడా ఆ పేరు చెప్పలేదు. 1981లో బజారుకొచ్చిన 'ట్రివియల్ పర్స్యూట్' ఆటలో అదే 'ఫిలిప్' ప్రత్యక్షమైంది. 1984లో వర్త్ కోర్టుకెక్కాడు. వాస్తవాలు ఎవరి సొత్తూ కావని కోర్టు దావా కొట్టేసింది. ఆయన ఓడినా ఆయన అబద్ధం గెలిచి, ఎన్నో పుస్తకాల్లోకి, ఎంతోమంది నోళ్లలోకి ఎక్కింది. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటే వంద పుస్తకాలున్నా సాక్ష్యం ఒక్కటే.

బిట్ల కాలం

ఉట్నూర్ యువత మధ్య ఈ సరదా ఇవాళ ఎక్కువగా బిట్ల రూపంలో బతుకుతోంది. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, డీఎస్సీకి చదివే దోస్తులు నడుస్తూ, తింటూ, బస్సుకు ఎదురుచూస్తూ ఒకరినొకరు అడుగుతుంటారు. 2014లో తెలంగాణ వచ్చాక ఈ ప్రాంతమే సిలబస్‌లోకి ఎక్కింది. నాగోబా జాతర, గుస్సాడీ నృత్యం, హైమన్‌డార్ఫ్, కుమ్రం భీం నేలకొరిగిన జోడేఘాట్ ఇప్పుడు ఒక మార్కు ప్రశ్నలు. 2021లో పద్మశ్రీ అందుకున్న గుస్సాడీ కళాకారుడు కనకరాజుది మార్లవాయే. అమ్మమ్మ చెప్పగలిగిన సంగతిని పిల్లవాడు హైదరాబాద్‌లో అచ్చయిన గైడ్‌లో చదువుకుంటున్నాడు.

బిట్‌కు ఒక బలహీనత ఉంది. అది చుట్టూ ఉన్న కథను కోసేసి జవాబును మాత్రం మిగుల్చుతుంది. కుమ్రం భీం అమరుడైన తేదీ చూడండి. కొన్ని పుస్తకాలు 1940 సెప్టెంబరు అంటాయి, కొన్ని అక్టోబరు అంటాయి. జోడేఘాట్‌లో మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడే ఆయన్ను తలుచుకుంటారు. నాలుగు గడుల్లో ఒకదానికి టిక్కు పెట్టమంటే ఆ పౌర్ణమికి చోటే దొరకదు. బిట్లకు కాలదోషం కూడా పడుతుంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక జోడేఘాట్, మార్లవాయి ఆసిఫాబాద్ వైపు పోయాయి, యామన్‌పల్లి మంచిర్యాలలో చేరింది. పాత గైడ్‌లోని సరైన జవాబు ఒక్క రాత్రిలో తప్పయింది.

అయినా బిట్ల లోకంలో పూచీ బతికే ఉంది. పరీక్షయ్యాక ప్రాథమిక కీ ఇస్తారు, అభ్యంతరాలు పెట్టమంటారు, ఆధారం చూపిస్తే జవాబు మారుస్తారు. రాత్రంతా పుస్తకాలు తిరగేసి ఒక్క ప్రశ్నకు ఆధారం వెతికే పిల్లలను చూస్తే గర్వమనిపిస్తుంది. కొలువు కోసం చూపే ఆ పట్టుదలలో కొంతైనా ఫోన్‌లో వచ్చే ముచ్చట మీద చూపిస్తే ఎంత బాగుండు!

చేతులు మారిన పూచీ

ఫోన్ తెచ్చిన మార్పు వేగం ఒక్కటే అనుకుంటే పొరపాటు. పొడుపుకథ వేసినవాడు ఎదురుగా ఉన్నాడు. ప్రధాన్‌కు వంశం ముందుంది. పత్రికలో సంతకం ఉంది. పరీక్షకు కీ ఉంది. ఫార్వర్డ్‌కు ఎవరూ లేరు. "నాకొచ్చింది, నేను పంపిన" అనేవాడు చెప్పినవాడూ కాడు, విన్నవాడూ కాడు. 2016 నవంబరులో కొత్త రెండువేల నోటులో చిప్ ఉందన్న మాట అలాగే దేశమంతా తిరిగింది. ప్రభుత్వ వర్గాలు కాదని చెప్పినా చాలా రోజులు ఆగలేదు. 2018లో వాట్సాప్ 'ఫార్వర్డెడ్' అన్న గుర్తు పెట్టి, మన దేశంలో ఒకసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. పూచీ లేని మాటకు కనీసం ఒక గుర్తన్నా ఉండాలని కంపెనీ కూడా ఒప్పుకున్నట్టే.

ఉట్నూర్ దాకా వచ్చే తప్పుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది "గోండీకి లిపి లేదు" అన్న మాట. నార్నూర్ మండలం గుంజాలలో గోండీ రాతప్రతులు దొరికాయి. అవి 1750 ప్రాంతానివని అంచనా. ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. గుంజాల గోండీ 2018 జూన్‌లో యూనికోడ్‌లో చేరింది. అంతకు ఏడాది ముందే, మధ్యప్రదేశ్ వైపు 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసారం రూపొందించిన మరో గోండీ లిపికి కూడా అందులో చోటు దక్కింది. లిపి లేదని చెప్పుకున్న భాషకు యూనికోడ్‌లో రెండు లిపులున్నాయి. పైగా భాషాశాస్త్రజ్ఞుల లెక్కలో గోండీ, తెలుగు ఒకే దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవి. తెలుగుకు తమిళ, కన్నడాల కన్నా గోండీయే దగ్గరి చుట్టం. ఈ ముచ్చట ఉట్నూర్ బడిలో ప్రతి పిల్లవాడికీ తెలియాలి. తన ఇంటి భాషను చిన్నచూపు చూసేవాడికి తలెత్తి చెప్పే జవాబు ఇది.

కథను కథగా

ఇలా అన్నానని ప్రతి వింత మాటనూ విచారణకు పెట్టమని కాదు. కుంటాల జలపాతం దగ్గర శకుంతల విహరించిందని చెప్పుకోవడం మనకు ఇష్టం. కాళిదాసు నాటకంలో కణ్వాశ్రమం మాలినీ నది ఒడ్డున ఉంది, కుంటాల ఉన్నది కడెం నది మీద. అయినా ఆ కథ చెప్పుకోవడం మానాల్సిన పనిలేదు. "మా దగ్గర ఇట్ల చెప్పుకుంటరు" అని ఒక్క మాట ముందు పెడితే చాలు. కథ కథగా బతుకుతుంది, చరిత్ర చరిత్రగా బతుకుతుంది. అనుమానం ఉన్న ముచ్చటను అనుమానంతోనే చెప్పడంలో కూడా రుచి ఉంది. వినేవాడికి ఆలోచించే వాటా దక్కుతుంది.

మన పెద్దలు ఏ వింత మాట విన్నా ముందు ఒకటే అడిగేవాళ్లు: "ఎవలు చెప్పిన్రు?" చెప్పినవాణ్ణి అవమానించడానికి అలా అడిగేవాళ్లు కాదు. ముచ్చట మీద ప్రేమతో, దాన్ని రేపు తామూ ధైర్యంగా ఇంకొకరికి చెప్పాలన్న కోరికతో అడిగేవాళ్లు. దోస్తు ఏదైనా వింత పంపితే మనమూ అదే ఆప్యాయతతో అడగాలి. మనం పంపేటప్పుడు ఎవరు చెప్పారో, ఎక్కడ చదివామో, ఎంత నమ్మకమో ఒక వాక్యం జతచేయాలి. నాగోబా మొదలు గుంజాల లిపి దాకా నిజమైన వింతలే ఇన్ని ఉన్న నేల మీద బతుకుతున్న మనం కల్పించిన వింతలను అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. మనకున్నవాటిని పేరూ ఊరూ పెట్టి చెప్పుకుందాం.