సొంత కీలును నిలబెట్టిన శస్త్రచికిత్స: నలభై అయిదేళ్ళ లెక్క

తుంటి కీలు మార్పిడి మాట వినని వారు మన సభ్యుల్లో ఉండరు. అరిగిన కీలు తీసివేసి కృత్రిమ కీలు అమర్చే ఆ పద్ధతిని 1962లో ఇంగ్లండులోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ ఒక దారికి తెచ్చారు. డెబ్బయ్యేళ్ళ వారికి అది వరమే. కాని ముప్ఫయ్యేళ్ళకే తుంటి నొప్పితో కుంటుతున్న వారి సంగతి వేరు. కృత్రిమ కీలుకూ అరుగుదల తప్పదు. చిన్న వయసులో పెడితే మళ్ళీ మార్చవలసి రావచ్చు. అందుకే ఉన్న కీలునే సరిదిద్ది నిలబెట్టే మార్గం కోసం కొందరు వైద్యులు శ్రమించారు. ఆ ఆపరేషన్ల చరిత్రనూ, వాటి ఫలితం తేలిన తీరునూ ఇక్కడ మనవి చేస్తున్నాను.

ముందుగా జబ్బు సంగతి. తుంటి కీలులో తొడ ఎముక పైకొన బంతిలాగా, కటి ఎముకలోని గుంట గిన్నెలాగా ఉంటాయి. కొందరికి పసితనం నుంచే ఆ గిన్నె లోతు చాలదు. ఈ లోపం ఆడవారిలో ఎక్కువ. గిన్నె బంతిని పూర్తిగా కప్పనందువల్ల ఒంటి బరువంతా దాని అంచున కొద్ది మేర మీదనే పడుతుంది. అక్కడి మృదులాస్థి అరిగి, నడివయసు రాకముందే కీలు పాడవుతుంది. గిన్నె బంతిని ఎంతవరకు కప్పిందో ఎక్స్‌రే మీద కొలిచే కోణాన్ని 1939లో స్వీడన్ వైద్యుడు గున్నార్ విబర్గ్ చెప్పారు. పెద్దవారిలో అది 25 డిగ్రీలు దాటితే సరైనది, 20కి తగ్గితే లోపమున్నట్టు.

కెనడాలోని టొరంటో పిల్లల ఆసుపత్రిలో రాబర్ట్ సాల్టర్ 1957లో ఒక కొత్త ఆపరేషన్ మొదలుపెట్టారు. కటి ఎముకను గిన్నెకు పైన అడ్డంగా కోసి, గిన్నెను బంతి మీదికి వంచి, ఏర్పడిన సందులో ఆ బిడ్డ ఎముక ముక్కనే బిగించడం అందులోని కిటుకు. పసివాళ్ళ ఎముకల పొందిక మెత్తన కాబట్టి అలా వంగుతుంది. ఎదిగిన వారికి అది చాలదు. వారి కోసం స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో రైన్‌హోల్డ్ గాంజ్, అమెరికా వైద్యుడు జెఫ్రీ మాస్ట్ కలిసి వేరొక పద్ధతి రూపొందించారు. 1984లో మొదలైన ఈ ఆపరేషన్‌లో గిన్నె చుట్టూ ఎముకను కోసి, గిన్నెను విడదీసి, కావలసినట్టు తిప్పి స్క్రూలతో బిగిస్తారు. వెనుక వైపు ఎముకను తెగనివ్వరు. కనుక కటి వలయం చెక్కుచెదరదు, ఆడవారికి కాన్పు దారి ఇరుకు కాదు. ఈ పద్ధతి వివరాలు 1988లో అచ్చయ్యాయి.

ఆపరేషన్ బాగా జరిగిందని మరునాడే చెప్పవచ్చు. కీలు నిలిచిందని చెప్పాలంటే ఒక తరం ఆగాలి. టొరంటోలో 1958 నుంచి 1965 వరకు, ఒకటిన్నర ఏడు మొదలు అయిదేళ్ళ లోపు పిల్లలు 76 మందికి 101 కీళ్ళకు ఈ చికిత్స జరిగింది. వారంతా తుంటి తొలగినట్టు ఆలస్యంగా బయటపడిన పిల్లలు. నలభై ఏళ్ళు దాటాక వైద్యులు 60 మందిని వెదికి పట్టుకున్నారు. 2007లో వెలువడిన ఆ లెక్క ప్రకారం, మార్పిడి అవసరం లేకుండా నిలిచిన కీళ్ళు 30 ఏళ్ళకు నూటికి 99, 40 ఏళ్ళకు 86, 45 ఏళ్ళకు 54.

బెర్న్ వారు తమ మొదటి 75 కీళ్ళను వదలకుండా గమనించారు. రోగుల సగటు వయసు 29 ఏళ్ళు. ఇరవై ఏళ్ళ తరువాత ఆచూకీ దొరికిన 68 కీళ్ళలో 41, అంటే నూటికి 60, నిలిచాయి. ముప్ఫయ్యేళ్ళకు ఆ సంఖ్య 29కి దిగింది. అయితే ఈ రెండో లెక్కలో నిబంధన కఠినం. కీలు మార్చకపోయినా, అరుగుదల ముదిరినా నొప్పి మిగిలినా ఓటమి కిందే రాశారు. ఎవరి కీళ్ళు ఓడాయో చూస్తే అసలు పాఠం బయటపడింది. నలభై దాటాక చేయించుకున్న వారికీ, అప్పటికే కీలు అరిగిన వారికీ ఫలితం తక్కువ. సకాలంలో, తగిన వారికి చేస్తేనే మేలు. ఆ తరువాతి వైద్యులు రోగులను ఎంచుకోవడానికి ఈ చిట్టాయే దారి చూపింది.

సర్వీసు రిజిస్టర్లు రాసి, పాత ఫైళ్ళు వెదికి తీసిన మనకు ఈ పని విలువ వేరే చెప్పనక్కరలేదు. విజయాలతో పాటు ఓటములనూ అదే పుస్తకంలో నమోదు చేసినందువల్లనే ముందు తరం నొప్పి తరువాతి తరానికి జ్ఞానమైంది.

తాతలు, అమ్మమ్మలు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డకు గాని, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బున్న ఆడపిల్లకు గాని తుంటి పరీక్ష తప్పక చేయించాలి. పసిబిడ్డ తుంటిని చేత్తో పరీక్షించే తీరును ఇటలీ వైద్యుడు ఓర్తొలానీ 1937లోనే చెప్పారు. కాళ్ళు చాపి బిగించి గుడ్డ చుట్టడం తుంటికి మంచిది కాదు. మన ఆడవాళ్ళు కాళ్ళు ఎడంగా పెట్టి చంకనెత్తుకునే అలవాటు మాత్రం తుంటికి మేలే. పసితనంలో పట్టుకుంటే కత్తి లేకుండానే కుదిరే కీలు అది.