చిన్న కంప్యూటర్‌లో డ్రైవులకు కరెంటు ఎంత కావాలి?

ఇంట్లోని ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసిన కాగితాలు ఒకేచోట దాచుకోవడానికి చిన్న కంప్యూటర్‌కు రెండు మూడు హార్డ్ డిస్కులు తగిలించడం ఇప్పుడు మామూలైంది. డిస్కు మధ్యమధ్య మాయమవుతుంటే, టిక్కుటిక్కుమంటుంటే అది పాడైందని పారేస్తారు. చాలాసార్లు లోపం డిస్కులో కాక, దానికి అందే కరెంటులో ఉంటుంది.

గూడ్సు బండిని నిలుచున్న చోటి నుంచి కదిలించడానికి పట్టే బలం, పరుగందుకున్నాక అక్కర్లేదు. భిలాయి దగ్గర చరోదా రైల్వే మార్షలింగ్ యార్డును చూసినవారికి ఇది తెలిసిన సంగతే. 3.5 అంగుళాల హార్డ్ డిస్కుదీ అదే తీరు. తిరుగుతున్నప్పుడు 5 నుంచి 10 వాట్లతో సరిపెట్టుకుంటుంది. మోటారు మొదలయ్యే కొద్ది సెకన్లలో మాత్రం 12 వోల్టుల లైను నుంచి దాదాపు 2 ఆంపియర్లు, అంటే 24 వాట్లు లాగుతుంది. నాలుగు డిస్కులు ఒకేసారి లేస్తే 96 వాట్లు. లెక్క వేయాల్సింది ఈ క్షణానికే.

అన్ని డ్రైవులూ ఇలా ఉండవు. 2.5 అంగుళాల డిస్కులకు, సాటా ఎస్‌ఎస్‌డీలకు సాధారణంగా 5 వోల్టులు చాలు. ఎం.2 ఎస్‌ఎస్‌డీ మదర్‌బోర్డు నుంచే 3.3 వోల్టులు తీసుకుంటుంది, వేరే తీగ అక్కర్లేదు. చోటు తక్కువైన పెట్టెకు ఇవే అనువైనవి.

12 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చేది 60 వాట్లు. రెండు పెద్ద డిస్కులు మొదలవడానికే 48 వాట్లు పోతే, ప్రాసెసర్‌కు, మదర్‌బోర్డుకు మిగిలేది 12 వాట్లే. డిస్కులను ఒకదాని తర్వాత ఒకటి లేపే సదుపాయం కొన్ని కంట్రోలర్లలో ఉంటుంది. లేకుంటే పెద్ద అడాప్టరో, ఎస్‌ఎఫ్‌ఎక్స్ పవర్ సప్లయో తీసుకోవాలి.

తీగల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సాటా పవర్ ప్లగ్గులో 12 వోల్టులకు మూడు పిన్నులుంటాయి. ఒక్కొక్కటి 1.5 ఆంపియర్లు, మొత్తం 4.5 ఆంపియర్లు మోస్తుంది. ఆ ఒక్క ప్లగ్గుకు స్ప్లిటర్ పెట్టి నాలుగు పెద్ద డిస్కులు నడిపితే, అవన్నీ ఒకేసారి లేచేటప్పుడు 8 ఆంపియర్లు పారుతాయి, పిన్నులు వేడెక్కుతాయి. మోలెక్స్ నుంచి సాటాకు మార్చే చవక తీగల్లో, ప్లాస్టిక్‌ను కరిగించి అచ్చుపోసిన రకం లోపలే షార్టయి కాలిపోయిన సందర్భాలున్నాయి. తీగలు విడివిడిగా బిగించి కనిపించే రకం మేలు.

ఒక కంపెనీ పవర్ సప్లయ్‌తో వచ్చిన మాడ్యులర్ తీగను మరో దానికి పెట్టకూడదు. ప్లగ్గు సరిపోయినా లోపలి పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు. 5 వోల్టులు అందాల్సిన చోట 12 వోల్టులు చేరితే డిస్కు వెంటనే కాలిపోతుంది.

కాబట్టి డిస్కు మొరాయిస్తే ముందు తీగ మార్చి, మరో పవర్ సప్లయ్‌తో నడిపి చూడాలి. అంతకంటే ముందు, అందులోని ఫైళ్లకు ఇంకోచోట కాపీ ఉందో లేదో చూసుకోవాలి.