విత్తును వెతుక్కుంటూ

విత్తు ముందా, చెట్టు ముందా? తొలి విశ్వంలో కణాల పుట్టుకను వెతికినవారినీ ఈ పాత ప్రశ్న వదల్లేదు. ఒక తరం విత్తనుకున్నదే తర్వాతి తరానికి చెట్టుగా కనిపించింది.

1948లో అమెరికాలో రాల్ఫ్ ఆల్ఫర్, జార్జ్ గామోవ్ న్యూట్రాన్లతో కథ మొదలుపెట్టారు. వాటిలో కొన్ని ప్రోటాన్లుగా మారగా, ఒక్కో న్యూట్రాన్‌నే కలుపుకుంటూ మూలకాలన్నీ ఏర్పడ్డాయన్నారు. 1950లో జపాన్ శాస్త్రవేత్త చుషిరో హయాషి ఆ మొదలునే ప్రశ్నించారు. వెయ్యి కోట్ల డిగ్రీలు దాటిన వేడిలో న్యూట్రాన్లు ప్రోటాన్లుగా, ప్రోటాన్లు న్యూట్రాన్లుగా మారుతూనే ఉంటాయి. విశ్వం చల్లబడేకొద్దీ తేలికైన ప్రోటాన్ల వాటా పెరుగుతుంది. తొలి నిమిషాల్లో మిగిలిన న్యూట్రాన్లు దాదాపు అన్నీ హీలియంలో చేరాయి. సాధారణ పదార్థపు బరువులో సుమారు నాలుగోవంతు హీలియం ఉండటానికి కారణం ఇదే. బరువైన మూలకాలు తర్వాత నక్షత్రాల్లో తయారయ్యాయి.

మరి ప్రోటాన్ ఎక్కడిది? 1964లో ముర్రే గెల్‌మన్, జార్జ్ జ్వైగ్ ప్రోటాన్ లోపలి కణాలుగా క్వార్కులను విడివిడిగా ప్రతిపాదించారు. తొలి మైక్రోసెకన్లలో క్వార్కులు, వాటిని కలిపి ఉంచే గ్లువాన్లు విడిగా తిరిగేవి; వేడి సుమారు 2 లక్షల కోట్ల డిగ్రీలకు దిగాక ప్రోటాన్లుగా, న్యూట్రాన్లుగా ముడిపడ్డాయి. అమెరికాలోని బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో బంగారు కేంద్రకాలను ఢీకొట్టి ఆ స్థితిని మళ్లీ సృష్టించారు. వాయువులా ఉంటుందనుకున్నది ద్రవంలా ప్రవహించిందని 2005లో ప్రకటించారు.

అంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటుంది. కణం, ప్రతికణం జంటగా పుట్టి, కలిస్తే రెండూ కాంతిగా మాయమవుతాయి. అయినా పదార్థం మిగిలింది. సుమారు వంద కోట్ల జంటలకు ఒక్క కణం అదనంగా ఉంటే చాలు, నేటి విశ్వం సాధ్యమే. ఆ ఒక్కటి మిగలడానికి కావలసిన మూడు షరతులను 1967లో ఆండ్రీ సఖరోవ్ చెప్పారు. ప్రయోగాల్లో ఇంతవరకూ కనిపించిన కణ, ప్రతికణాల తేడా మాత్రం ఆ లెక్కకు చాలడం లేదు.

అసలు కణాలే లేని చోట కణం పుడుతుందా? వ్యాకోచించే విశ్వం శూన్యంలోంచి కణాలను పుట్టించగలదని 1939లోనే ష్రోడింగర్ గుర్తించారు. 1960లలో లియొనార్డ్ పార్కర్ దాన్ని విస్తృతంగా లెక్కగట్టారు. 1981లో అలన్ గూత్ ప్రతిపాదించిన ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతం ప్రకారం, విపరీతమైన వ్యాకోచం ముగిశాక అంతటా పరచుకున్న ఒక క్షేత్రంలోని (ఫీల్డ్) శక్తి కణాలుగా మారింది. ఆ క్షేత్రం ఏదో ఇంకా తేలలేదు.

మన భాషలో క్షేత్రమంటే పొలం. విత్తును వెతుక్కుంటూ బయలుదేరిన శాస్త్రం ఇప్పుడు పొలం గట్టు మీద నిలబడింది.